గంట బొమ్మకి పదిహేను వేలా?

సొంత ఖర్చుతో కథల పుస్తకం వేసుకునే రచయిత ముందుగా ప్రెస్సుకెళ్లి లెక్కలు అడుగుతారు. కాగితం ఎంత, ఫారానికి ఎంత, బైండింగుకి ఎంత అన్నది పది నిమిషాల్లో తేలిపోతుంది. ప్రెస్సు మారినా రేటు పెద్దగా మారదు. ముఖచిత్రం దగ్గరికి వచ్చేసరికి ఈ సుఖం ఉండదు. ఒక ఆర్టిస్టు మూడు వేలంటారు. ఇంకొకరు పదిహేను వేలంటారు. మూడో మనిషి "మీ ఇష్టమండీ, ఎంతిచ్చినా పర్లేదు" అని మొహమాటానికి అనేసి, తర్వాత ఫోన్ ఎత్తడం మానేస్తారు. కొత్తగా వ్యాపారం పెట్టి లోగో వేయించుకునేవాళ్లకీ, పిల్లల పుస్తకానికి లోపలి బొమ్మలు కావాలనుకునేవాళ్లకీ ఇదే అయోమయం. అసలు ఈ పనికి రేటంటూ ఒకటుందా, మనిషిని చూసి చెప్తారా అన్న అనుమానం రావడం సహజం. అందులో కొంత నిజం కూడా ఉంది. కానీ పదిహేను వేల వెనక ఒక లెక్కుంది, మూడు వేల వెనకా ఉంది, రెండూ న్యాయమైనవే కావచ్చు. ఆ ధరలో కుంచె పట్టుకుని కూర్చున్న గంటల వాటా చాలా తక్కువ. మిగతాదంతా రెండు చోట్ల నుంచి వస్తుంది: ఆర్టిస్టుకి పని దొరకని రోజుల నుంచి, కొన్నవాళ్లు ఆ బొమ్మని ఎక్కడెక్కడ, ఎన్నాళ్లు వాడుకుంటారన్నదాని నుంచి. మొదటిదాన్ని బేరమాడి తగ్గించడం ఎవరి తరమూ కాదు. రెండోదాన్ని తగ్గించవచ్చు. మన దగ్గర బేరమంతా మొదటిదాని మీదే నడుస్తుంది, రెండోదాని ఊసు ఎవరూ ఎత్తరు.

గంటలు లెక్కపెట్టి ధరని నిలదీయడం కొత్తేమీ కాదు. 1877లో లండన్‌లోని గ్రోవ్‌నర్ గ్యాలరీలో జేమ్స్ విస్లర్ అనే చిత్రకారుడు, రాత్రి ఆకాశంలో రాలుతున్న బాణసంచా నిప్పురవ్వల్ని చూపే చిత్రానికి 200 గినీలు ధర పెట్టాడు. ఆ కాలపు పెద్ద విమర్శకుడు జాన్ రస్కిన్, జనం మొహాన రంగు డబ్బా విసిరినందుకు ఇంత డబ్బు అడుగుతున్నాడని ఎగతాళిగా రాశాడు. విస్లర్ పరువునష్టం దావా వేశాడు. మరుసటి ఏడాది విచారణలో రస్కిన్ తరఫు లాయరు, రెండు రోజుల పనికా ఇంత ధర అని అడిగితే, జీవితమంతా పనిచేసి సంపాదించుకున్న జ్ఞానానికి అని విస్లర్ జవాబిచ్చాడు. కేసు గెలిచాడు. జ్యూరీ ఇప్పించిన పరిహారం మాత్రం ఒక్క ఫార్దింగ్, అంటే పెన్నీలో నాలుగో వంతు. కోర్టు ఖర్చులు మీదపడి 1879లో దివాలా తీశాడు. ఆర్టిస్టులు ఇప్పటికీ ఆ జవాబునే రకరకాలుగా చెప్తుంటారు. వినడానికి బాగుంటుంది గానీ ధర కట్టడానికి పనికిరాదు. అనుభవం ప్రతి వృత్తిలోనూ ఉంటుంది. దాన్నిబట్టి 200 ఎందుకు, 150 ఎందుకు కాకూడదు అన్నది తేలదు. పైగా కొనేవాళ్ల చెవికి అది గొప్పలు చెప్పుకోవడంలా వినిపిస్తుంది. లాయరు ప్రశ్నకి ఇంతకంటే సాదా జవాబు కూడికలు, తీసివేతల్లో దొరుకుతుంది.

ఒక ఊహాలెక్క వేసి చూద్దాం. హైదరాబాదులోనో విజయవాడలోనో ఇంట్లో కూర్చుని పనిచేసే ఆర్టిస్టుకి ఇల్లు గడవడానికి నెలకి 40 వేలు కావాలనుకుందాం. ఏడాదికి 4 లక్షల 80 వేలు. కంప్యూటరు, గీసే టాబ్లెట్ కలిపి లక్షన్నర అయ్యాయనుకుంటే, నాలుగేళ్లకోసారి మార్చక తప్పదు కాబట్టి ఏడాదికి 37,500 అక్కడికే పోతాయి. సాఫ్ట్‌వేర్ చందా, ఇంటర్నెట్, కరెంటు, కాగితం, రంగులు, ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా కలుపుకుని మొత్తం లక్షా 20 వేలు అనుకుందాం. అంటే ఏడాదికి 6 లక్షలు రావాలి. ఇక రోజుల సంగతి. 365లో ఆదివారాలు 52 తీసేయాలి. పండగలు, పెళ్లిళ్లు, జ్వరాలు కలిపి మరో 30 తీసేస్తే మిగిలేవి 283. ఇవన్నీ డబ్బొచ్చే రోజులు కావు. కొత్త పని కోసం తిరగడం, అడిగినవాళ్లకల్లా శాంపిళ్లు పంపడం, గంటసేపు ఫోన్లో మాట్లాడాక చేతికి రాకుండా పోయిన పనులు, బిల్లు పంపి డబ్బు కోసం పదిసార్లు గుర్తుచేయడం, కొత్త పద్ధతులు నేర్చుకోవడం, ఏ పనీ లేక ఎదురుచూడటం, వీటికే సగం రోజులు పోతాయనుకోవడం అతిశయోక్తి కాదు. నిలదొక్కుకున్నవాళ్లకి కాస్త తక్కువ పోతాయి, కొత్తవాళ్లకి ఇంకా ఎక్కువ పోతాయి. డబ్బొచ్చే రోజులు 140 అనుకుని 6 లక్షల్ని భాగిస్తే రోజుకి దాదాపు 4,300 పడుతుంది. ముఖచిత్రానికి మూడున్నర రోజులు పట్టిందంటే 15 వేలు. ఇందులో లాభమంటూ విడిగా ఏమీ లేదు, వెనకేసుకునేదీ లేదు.

ఇదే మనిషి నెల జీతం మీద ఉంటే ఈ లెక్క ఎవరి కంటా పడదు. 1947లో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో మొదలుపెట్టిన చందమామలో చిత్రా, శంకర్ లాంటివాళ్లు జీతం మీద పనిచేశారు. విక్రమార్కుడి భుజాన బేతాళుణ్ణి వేలాడదీసిన శంకర్ 1950ల మొదట్లో చేరి దశాబ్దాలపాటు అక్కడే గీశారు. అలాంటి కొలువులో ఒక నెల బొమ్మలు తక్కువ పడ్డాయని జీతం ఆగదు. కాగితం, సిరా, కూర్చునే చోటు యాజమాన్యానివి. పని వెతికిపెట్టే బాధ్యత సంపాదకులది. పాఠకులు కట్టిన చందాల్లోంచే ఆర్టిస్టు ఖాళీ రోజుల ఖర్చు కూడా వెళ్లిపోయేది. చందమామ 2013 నాటికి ఆగిపోయింది. తెలుగు వారపత్రికల్లో ఎన్నో మూతపడ్డాయి, మిగిలినవి బక్కచిక్కాయి. ఆ జీతాలు పోయాయి గానీ బొమ్మల అవసరం పోలేదు. అది సొంతంగా వేసుకునే పుస్తకాలకీ, యూట్యూబ్ ఛానళ్లకీ, బేకరీ డబ్బాలకీ, పెళ్లి శుభలేఖలకీ చెదిరిపోయింది. ఒకప్పుడు పత్రిక మోసిన ఖర్చు ఇప్పుడు ముక్కలై ఒక్కో బొమ్మ మీదా పడుతోంది. మూడు వేలకి గీసేవాళ్లకి ఎలా గిట్టుబాటవుతోందన్న ప్రశ్నకీ జవాబు ఇక్కడే ఉంది. వాళ్లు ఫైన్ ఆర్ట్స్ చదువుతున్న విద్యార్థులు కావచ్చు, పగలు స్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగానో యానిమేషన్ స్టూడియోలోనో ఉద్యోగం చేసి రాత్రిళ్లు గీసేవాళ్లు కావచ్చు. వాళ్ల ఖాళీ రోజుల ఖర్చు అమ్మానాన్నలో వేరే యజమానో భరిస్తున్నారు. ఆ రేటు తీసుకోవడంలో తప్పేమీ లేదు. దాన్ని చూపించి, ఇదే బతుకుతెరువుగా ఉన్నవాళ్లని నిలదీస్తేనే అన్యాయం.

గంటలో గీసేసే బొమ్మకి మూడున్నర రోజులేమిటని అడగొచ్చు. గంటలో గీయగలిగే బొమ్మలు నిజంగానే ఉంటాయి. ఏం గీయాలో తేలాక గంట చాలు, తేలడానికే రోజులు పడతాయి. ముందు రాతప్రతి చదవాలి. చదవకుండా శీర్షిక చూసి గీసిన ముఖచిత్రాలు ఏ పుస్తకాల షాపుకి వెళ్లినా కనిపిస్తాయి, వాటికి తక్కువే ఖర్చవుతుంది. తర్వాత రెండు మూడు రఫ్ స్కెచ్‌లు. అందులో ఒకటి ఎంచుకున్నాక రంగులు. పుస్తకం పేరు చేత్తో రాయించుకోవాలంటే అదొక విడి పని, తెలుగులో కింద వత్తులు, పైన గుడులు బొమ్మ మీదికి ఎగబాకుతాయి కాబట్టి అక్షరాలకీ బొమ్మకీ కలిపి చోటు చూసుకోవాలి. పేజీలెన్నో, కాగితం మందమెంతో ప్రెస్సు చెప్తే గానీ పుస్తకం వీపు కొలత తెలియదు. అన్నీ అయ్యాక కరెక్షన్లు. అన్నిటికంటే అంచనాకి అందనిది ఈ ఆఖరి మెట్టే. బొమ్మని చూసి సరేనన్న రచయిత, ఇంట్లోవాళ్లకీ స్నేహితులకీ వాట్సాప్‌లో పంపాక "చీర రంగు మార్చండి" దగ్గర మొదలై "అసలు ఆ అమ్మాయి అవసరమా" దాకా వెళ్తారు. రెండు కరెక్షన్లు ధరలో కలిసే ఉంటాయి, మూడోదాని నుంచి విడిగా ఇవ్వాలి అని అనుభవమున్న ఆర్టిస్టులు ముందే రాసిస్తారు. మధ్యలో పని వద్దనుకుంటే అప్పటిదాకా చేసినదానికి సగమో, మూడో వంతో ఇవ్వాలన్న షరతు కూడా అందుకే. ఈ షరతులు లేని ఆర్టిస్టు చెప్పిన ధరలో ఈ భయం కూడా కలిసే ఉంటుంది. స్పష్టంగా ఏం కావాలో తెలిసి, మాట్లాడటానికి ఒక్కరే వచ్చే మనిషికి అదే బొమ్మ కాస్త చవగ్గా దొరకడం వింతేమీ కాదు.

ఇక్కడిదాకా లెక్కంతా ఆర్టిస్టు వైపుది. కొనేవాళ్ల వైపు లెక్క ఇంతకంటే పెద్దది. 1971లో అమెరికాలోని పోర్ట్‌లండ్ స్టేట్ యూనివర్సిటీలో డిజైన్ చదువుతున్న కరోలిన్ డేవిడ్సన్ అనే విద్యార్థిని, అక్కడే అకౌంటింగ్ పాఠాలు చెప్పే ఫిల్ నైట్ బూట్ల కంపెనీకి ఒక గుర్తు గీసిచ్చారు. గంటకి 2 డాలర్ల చొప్పున పదిహేడున్నర గంటలకి 35 డాలర్లు బిల్లు వేశారు. అదే నైకీ గుర్తు. గంటల లెక్క ప్రకారం చూస్తే ఎవరూ ఎవర్నీ మోసం చేయలేదు, బిల్లు వేసినంతా ఇచ్చారు. కానీ పన్నెండేళ్ల తర్వాత, 1983లో, ఆ కంపెనీయే ఆమెను పిలిచి వజ్రపు ఉంగరంతో పాటు కంపెనీ షేర్లు కూడా ఇచ్చింది. ఇవ్వాల్సిన బాధ్యత లేదు. అయినా ఇచ్చిందంటే, 35 డాలర్లకీ ఆ గుర్తు చేసిన పనికీ పొంతన లేదని ఇచ్చినవాళ్లకీ తెలుసన్నమాట. ఇలాంటివి కోటికొకటి జరుగుతాయని, వీధి చివర టిఫిన్ సెంటర్ లోగో నైకీ అవుతుందా అని అడిగితే, కాదనే చెప్పాలి. అందుకే ఆ టిఫిన్ సెంటర్ నుంచి నైకీ ధర అడగకూడదు. బొమ్మ అదే అయినా, పడిన శ్రమ అంతే అయినా, ఒక్క హోటల్ బోర్డు మీదికి వాడుకునేదానికీ, రాష్ట్రమంతా అమ్మే పచ్చళ్ల సీసాల మీద పదేళ్లు వాడుకునేదానికీ ఒకే ధర ఎలా కుదురుతుంది?

దీనికి గట్టి అభ్యంతరమే ఒకటుంది. కుర్చీ చేసిన వడ్రంగి మనం కూర్చున్నప్పుడల్లా డబ్బు అడగడు కదా, ఒకసారి కొన్నాక బొమ్మ మాత్రం మనది ఎందుకు కాదు? కుర్చీలో ఒకరే కూర్చుంటారు. రెండోవారికి కుర్చీ కావాలంటే వడ్రంగి మళ్లీ పనిచేయాలి, మళ్లీ డబ్బు తీసుకుంటాడు. బొమ్మ అలా కాదు. మొదటి కాపీకి పడ్డ శ్రమ తప్ప, తర్వాతి లక్ష కాపీలకి ఆర్టిస్టు వేలు కూడా కదపనక్కర్లేదు, ఎవరూ పిలవనూ పిలవరు. కాబట్టి ఆ లక్ష కాపీల సంగతి మొదటి రోజే మాట్లాడుకోవాలి. అలా మాట్లాడుకోనప్పుడు రెండే జరుగుతాయి. ఆర్టిస్టు ముందుచూపుతో అన్ని వాడకాలకీ కలిపి పెద్ద ధర చెప్తే, 500 కాపీలు వేసుకునే రచయిత బెదిరి పారిపోతారు. చిన్న ధర చెప్తే, తర్వాత ఆ బొమ్మ క్యాలెండర్ల మీదా టీషర్టుల మీదా కనపడినప్పుడు కుమిలిపోవడం తప్ప ఏమీ చేయలేరు. బొమ్మ కాగితానికీ దాన్ని అచ్చేసుకునే హక్కుకీ ఉన్న తేడా రవివర్మకి బాగా తెలుసు. 1894లో బొంబాయిలో సొంతంగా లితో ప్రెస్సు పెట్టి తన లక్ష్మీ సరస్వతుల్ని ఇంటింటికీ పంపిన ఆయన, తర్వాత నష్టాలు తట్టుకోలేక ప్రెస్సునీ బొమ్మల ముద్రణ హక్కుల్నీ ఫ్రిట్జ్ ష్లైషర్ అనే జర్మన్ నిపుణుడికి అమ్మేశారు. మహారాజుల గోడల మీది తైలవర్ణ చిత్రాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. తెలుగు ఇళ్ల దేవుడి గూళ్లలోకి చేరిన పటాల మీద వచ్చిన డబ్బు మాత్రం హక్కులు కొన్నవారి ఖాతాలోకి వెళ్లింది.

మన చట్టం ఈ విషయంలో చాలామంది అనుకునేదానికంటే మెలికలు తిరిగి ఉంటుంది. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం గీసినవాళ్లే మొదటి హక్కుదారులు. అదే సెక్షన్‌లో మినహాయింపులున్నాయి. ఎవరైనా డబ్బిచ్చి తమ కోసం పెయింటింగో పోర్ట్రెయిటో గీయించుకుంటే, వేరే ఒప్పందం లేని పక్షంలో మొదటి హక్కు డబ్బిచ్చినవాళ్లది. టాబ్లెట్ మీద గీసిన పుస్తకం బొమ్మ "పెయింటింగ్" కిందికి వస్తుందా రాదా అన్నది లాయర్లు వాదించుకోవాల్సిన విషయం, ఆ వాదన దాకా వెళ్లడమే ఇద్దరికీ దండగ. అంటే కాగితం లేకపోతే ఇక్కడ ఆర్టిస్టుకే ఎక్కువ నష్టం. ఇంకో మినహాయింపు మరీ ఆసక్తికరమైనది. పత్రికలో ఉద్యోగం చేస్తూ ఆ పత్రిక కోసం గీసిన బొమ్మని పత్రికల్లో వేసుకునే హక్కు యజమానిది, మిగతా హక్కులన్నీ వేరే ఒప్పందం లేకపోతే ఆర్టిస్టువే. పత్రికల్లో వచ్చిన బొమ్మల్ని ఆల్బమ్‌లుగా, పుస్తకాలుగా వేసేటప్పుడు ఎందరు ఈ సెక్షన్ తెరిచి చూస్తున్నారన్నది అనుమానమే. కొనేవాళ్లు జాగ్రత్తపడాల్సిన చోటూ ఉంది. హక్కు రాసివ్వడమంటే కాగితం మీద సంతకంతో జరగాలి. ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లకే చెల్లుతుంది, ఎక్కడికో రాయకపోతే భారతదేశానికే చెల్లుతుంది. అమెరికాలోని తెలుగు సంఘం సావనీరుకో, అక్కడ అమ్మే ఈ-బుక్‌కో అదే బొమ్మ వాడాలనుకుంటే ఆ మాట ముందే రాసుకోవాలి. హక్కులన్నీ అమ్మేసినా బొమ్మ తనదని చెప్పుకునే హక్కు, దాన్ని తన పరువుకి భంగం కలిగేలా పాడుచేయకుండా ఆపే హక్కు 57వ సెక్షన్ కింద గీసినవాళ్లకే ఉంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడ నుంచి తన కంచు కుడ్యశిల్పాన్ని ఊడదీసి పారేసిన కేంద్ర ప్రభుత్వం మీద శిల్పి అమర్‌నాథ్ సెహగల్ వేసిన కేసులో, 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కల్ని ఆయనకే తిరిగివ్వమని, 5 లక్షల పరిహారం కట్టమని తీర్పునిచ్చింది ఈ సెక్షన్ ఆధారంగానే.

ఇదంతా ఒప్పుకున్నా, తెలుగు పుస్తకానికి పదిహేను వేలు పెట్టే శక్తి ఎక్కడిది అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఇది అన్నిటికంటే న్యాయమైన అభ్యంతరం. 500 కాపీలు వేస్తే ముఖచిత్రానికే కాపీకి 30 రూపాయలు పడుతుంది. వెల 200 అనుకుని, దుకాణానికి మూడో వంతు పోయి, ముద్రణకి 70 అయితే చేతికి మిగిలేది 63. అందులో సగం అట్ట మీది బొమ్మకే పోయిందంటే రచయితకి పెద్దగా మిగిలేదేమీ ఉండదు. ఆర్టిస్టు అత్యాశా కారణం కాదు, రచయిత పిసినారితనమూ కాదు, మార్కెట్ చిన్నది. ఎంత చెట్టుకి అంత గాలి. ఇలాంటి చోట "కొంచెం చూసుకోండి సార్" అని రోజు కూలీని తగ్గించమంటే, రాతప్రతి చదవకుండా గీసిన బొమ్మే చేతికొస్తుంది. దానికి బదులు వాడకాన్ని తగ్గించుకుంటే బేరం నిజమైన బేరమవుతుంది. మొదటి ముద్రణ 500 కాపీలకే, తెలుగు అచ్చు పుస్తకానికే హక్కు చాలు, రెండో ముద్రణకి మళ్లీ ఇంతిస్తాను, పోస్టర్లకీ అనువాదాలకీ వాడను, అసలు బొమ్మని మీరు ఎవరికైనా అమ్ముకోవచ్చు, దాని ప్రింట్లు వేసుకోవచ్చు అని రాసిస్తే, ధర దిగడానికి ఆర్టిస్టుకి ఒక కారణం దొరుకుతుంది. ఇంకా తగ్గాలంటే కొత్త బొమ్మే అక్కర్లేదు. ప్రతి ఆర్టిస్టు దగ్గరా ఇదివరకే గీసి, ఏ పుస్తకానికీ ఎక్కని బొమ్మలు డజన్ల కొద్దీ ఉంటాయి. అందులోంచి కథలకి దగ్గరగా ఉన్నది ఎంచుకుని ఈ పుస్తకం మీద వేసుకునే అనుమతి మాత్రమే కొనుక్కుంటే మూడు వేలు కూడా ఇద్దరికీ న్యాయమైన ధరే. ఆ బొమ్మకి పడిన శ్రమ ఎప్పుడో అయిపోయింది, వచ్చినంతా అదనమే. మన ప్రచురణలో ఈ పద్ధతి ఇంత తక్కువగా ఎందుకుందో అర్థం కాదు. ప్రతివారికీ తమ పుస్తకానికంటూ కొత్తగా గీసిన బొమ్మే కావాలి, ధర మాత్రం పాత బొమ్మది కావాలి.

నెట్‌లో వెతికితే ఇంకా చవగ్గా దొరుకుతుందన్న మాట కూడా నిజమే. 2010లో మొదలైన ఫైవర్ ఏ పనైనా 5 డాలర్లకి అన్న ప్రచారంతోనే పేరు తెచ్చుకుంది. గీసినవాళ్లకి వచ్చేదాంట్లో 20 శాతం ఆ సంస్థే తీసుకుంటుంది. ఆ ధరకి గీయాలంటే రోజుకి పది పనులు చేయాలి, కాబట్టి తయారుగా ఉన్న అచ్చులోకి పేరు మార్చి ఇవ్వడమే ఎక్కువగా జరుగుతుంది. ఫ్యాన్సీ షాపు లోగోకి అది సరిపోతే నిరభ్యంతరంగా వాడుకోవచ్చు, పక్క వీధి షాపుకీ అలాంటిదే ఉండొచ్చన్న సంగతి తెలిసి ఉంటే చాలు. పోటీ పెట్టి ఒకరికి బహుమతి ఇవ్వడం మరో దారి. రూపాయి గుర్తు కోసం కేంద్ర ఆర్థికశాఖ పెట్టిన పోటీకి 3 వేలకు పైగా ఎంట్రీలొచ్చాయి, 2010లో గెలిచిన డి. ఉదయకుమార్‌కి రెండున్నర లక్షలు దక్కాయి, చివరి వడపోతకి చేరినవారికి తలా 25 వేలు. మిగతా వేలమంది శ్రమకి పైసా లేదు. దేశం గుర్తు కోసం ఆ పోటీలో పాల్గొనడమే గౌరవమని ఎవరైనా అనుకోవచ్చు. ఒక ప్రైవేటు కాలేజీ రజతోత్సవ లోగోకి అదే పద్ధతి పెట్టి, విజేతకి జ్ఞాపిక ఇస్తామనడం మాత్రం ఖర్చుని ఓడినవాళ్ల మీదికి నెట్టడమే.

ఇక ఏఐ. నాలుగు మాటలు టైపు చేస్తే బొమ్మ వస్తున్నప్పుడు ఈ చర్చంతా ఎందుకన్నది ఇప్పుడు వినపడే పెద్ద ప్రశ్న. దాన్ని కొట్టిపారేయడం సరికాదు. ఫేస్‌బుక్ పండగ శుభాకాంక్షల బొమ్మలు, వార్తా వెబ్‌సైట్లలో కథనం పైన ఏదో ఒకటి ఉండాలి కాబట్టి పెట్టే బొమ్మలు, ఇలాంటి పని ఆర్టిస్టుల చేతిలోంచి జారిపోతోంది, తిరిగి రాకపోవచ్చు. ఏ బొమ్మైనా సరిపోయే చోట బొమ్మ ధర సున్నాకి చేరడం ఆశ్చర్యం కాదు. కానీ మనం ఇంతసేపూ మాట్లాడుకున్న వాడుకునే హక్కు అక్కడ గాల్లో వేలాడుతూ ఉంటుంది. మనిషి ప్రమేయం లేకుండా యంత్రమే గీసిన బొమ్మకి కాపీరైట్ రాదని 2025 మార్చిలో అమెరికా ఫెడరల్ అప్పీళ్ల కోర్టు థేలర్ కేసులో తేల్చింది. మన దగ్గర ఆ చిక్కుముడి ఇంకా విప్పలేదు. అంటే పచ్చళ్ల సీసా మీద వేసుకున్న బొమ్మని పోటీవాడు ఎత్తుకుపోతే, అది నాదని గట్టిగా చెప్పడానికి ఆధారం బలహీనం. ఇంకో తేడా కూడా ఉంది. పిల్లల పుస్తకంలో ఇరవై పేజీల పొడుగునా అదే పిల్ల, అదే గౌను, అదే కుక్కపిల్ల కనపడాలి, మూడో పేజీలో అమ్మమ్మ మొహం కాస్త కోపంగా ఉండాలి, కొంగు ఎడమ భుజం మీదే ఉండాలి. చెప్పిన మాట విని, ఎందుకు కుదరదో తిరిగి చెప్పి, తప్పొస్తే దిద్ది ఇచ్చే మనిషికి ఇచ్చేది కూడా ఆ పదిహేను వేలలో ఉంది. ఆ బాధ్యత అక్కర్లేనివాళ్లు యంత్రంతో చేయించుకోవచ్చు. చేసుకుంటున్నారు కూడా.

మిగిలింది డబ్బు చేతికందే తీరు. దీని వల్ల కూడా ధర పెరుగుతుందని కొనేవాళ్లకి తట్టదు. బొమ్మ అందాక నాలుగు నెలలకి వచ్చే పదిహేను వేలూ, పని మొదలుపెట్టకముందే చేతిలో పడే పదిహేను వేలూ ఒకటి కాదు. మొదటిదాని కోసం మధ్యలో అప్పు చేయాలి, ఫోన్లు చేయాలి, అసలు రాకపోవచ్చన్న భయంతో నిద్రపోవాలి. చాలా కంపెనీలు 10 శాతం టీడీఎస్ కోసుకునే ఇస్తాయి, అది తిరిగి రావాలంటే రిటర్నులు వేసేదాకా ఆగాలి. సగం అడ్వాన్సు అడిగే అలవాటు అందుకే పుట్టింది. ఆర్టిస్టుల చేతిలో ఇంకో ఆయుధం ఉంది గానీ వాడేవాళ్లు తక్కువ. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం సేవలందించేవాళ్లకీ వర్తిస్తుంది. ఒంటరిగా పనిచేసే ఆర్టిస్టు కూడా ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా నమోదు చేసుకోవచ్చు, రుసుమేమీ లేదు. అప్పుడు ఒప్పందం ఏదైనా 45 రోజులకి మించి బాకీ ఆపకూడదు. ఆపితే రిజర్వు బ్యాంకు బ్యాంకురేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి. గడువు దాటిన బాకీని చెల్లించేదాకా ఖర్చుగా చూపించుకుని పన్ను తగ్గించుకోవడానికి కూడా 2024 ఏప్రిల్ నుంచి వీల్లేదు, అందుకే పెద్ద కంపెనీల అకౌంట్స్ విభాగాలు బిల్లు మీద ఉద్యమ్ నంబరు చూస్తే కాస్త వేగం పెంచుతాయి. సొంత పుస్తకం వేసుకునే రచయితకి ఈ గొడవంతా అక్కర్లేదు. ఆ మనిషి చేతిలో పెద్ద కంపెనీ చేతిలో లేని బేరం ఒకటుంది: డబ్బంతా ముందే ఇచ్చేస్తాను, రెండు కరెక్షన్లకి మించి అడగను, 500 కాపీలకే వాడతాను, ఇప్పుడెంతకిస్తారు అని అడగడం.